సొంత ఊరి జాతర చూడాలా, ఫొటో తీయాలా? బరంపురం నుంచి ఒక జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశా గంజాం జిల్లాలోని మన బరంపురంలోనే పుట్టి పెరిగారు, చదువుకి విశాఖ వెళ్లి ఉద్యోగానికి మళ్లీ ఇక్కడికే వచ్చారు. 2025 ఠాకురాణి జాతరలో కెమెరా పట్టుకుని తిరిగితే వందల ఫొటోలు వచ్చాయి, కానీ అన్నీ ఒకేలా ఉన్నాయి. మీరు ఫొటోల వెంట పడేసరికి ఇంట్లోవాళ్లు విడిగా తిరిగారు, జాతర చూసిన తృప్తి ఎవరికీ మిగల్లేదు. మన చుట్టుపక్కల ఏడాది పొడవునా ఏమేం చూడొచ్చు, ఎలా తీయాలి, దూరం నుంచి తీసే జూమ్ లెన్స్ కొనాలా అని మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. అన్నిటి వెంటా పడకండి. ఏడాదికి రెండో మూడో ఎంచుకోండి. ఒక్కోదాంట్లో ఒక్క వీధినే పట్టుకుని అక్కడికే మళ్లీ మళ్లీ వెళ్లండి. మొదటి సాయంత్రం కెమెరా ఇంట్లో పెట్టి, ఇంట్లోవాళ్లతో కలిసి చూసి రండి. జూమ్ లెన్స్ ఇప్పుడే వద్దు. ఎందుకు వద్దో చివర్లో రాస్తాను.

నేను బరంపురంలోనే పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాను. మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఇక్కడి చాలామంది ఇళ్లలాగే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి మన పండుగల్లో రెండు వైపుల పద్ధతులూ కలిసే ఉంటాయి. ముహూర్తాలు లేని రోజుల్లో నేను తీసేది ఈ జాతరలే. కింద రాసేదంతా ఆ అలవాటు నేర్పిందే.

ఒక్క వీధి అని ఎందుకంటున్నానంటే, బయటి నుంచి వచ్చే ఫొటోగ్రాఫర్‌కి చేతిలో ఒకటో రెండో రోజులు ఉంటాయి. అతను పరిగెత్తాల్సిందే. పులి వేషం కనిపిస్తే పులి వేషం, తల మీద మోసే పూల ఘటం కనిపిస్తే ఘటం, దొరికింది దొరికినట్టు తీసుకుని రైలెక్కేస్తాడు. మీకు ఆ టెన్షన్ అక్కర్లేదు. ఈ రోజు వెలుతురు బాగా లేకపోతే రేపు రావచ్చు. ఈ రోజు ఆ అరుగు మీద పెద్దావిడ మీ వైపు అనుమానంగా చూస్తే, మూడో రోజుకి ఆవిడే కూర్చోమని పీట వేస్తుంది. సొంత ఊరివాడికి ఉన్న బలం అదే. మీ ఫొటోలు ఒకేలా రావడానికి కారణం కూడా నా ఉద్దేశంలో ఇక్కడే ఉంది. మీరు సొంత ఊళ్లో బయటివాడిలా తిరిగారు. జనం మధ్యలో నడుస్తూ, ఎదురొచ్చిన ప్రతిదాన్నీ కళ్లెత్తున, అదే దూరం నుంచి తీసుకుంటూ పోతే ఎవరికైనా అలాగే వస్తాయి.

ఠాకురాణి జాతర

రెండేళ్లకోసారి కాబట్టి 2023, 2025 తర్వాత వచ్చేది 2027లో. ఎండాకాలం మొదట్లో, ఇంచుమించు నెల రోజులు సాగుతుంది. మీకు తెలిసిందే అయినా, వేరే ఊళ్ల నుంచి చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు రాస్తాను. బుఢీ ఠాకురాణి అమ్మవారు పెద్ద బజారులోని గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. పుట్టిల్లంటే దేశిబెహెరా వీధిలో వేసే తాత్కాలిక మందిరం. పట్టు నేసే డేరా కులంవాళ్ల పెద్దని దేశిబెహెరా అంటారు, ఆయన్ని అమ్మవారికి తండ్రి వరసగా చూస్తారు. రాత్రిళ్లు ఆడవాళ్లు పూలతో కట్టిన ఘటాలు తలకెత్తుకుని వీధులు తిరుగుతారు. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. పులి, సాధువు, పురాణాల్లోని దేవుళ్లు, ఎవరి మొక్కు వాళ్లది. కూడళ్లలో పురాణ ఘట్టాలను బొమ్మలతో నిలబెడతారు, వాటిని రథాలు అంటారు.

ఇందులో తొంభై శాతం మంది తీసేది పులి వేషం వేసి ఆడుతున్న మనిషిని. తీయండి, తప్పు లేదు. కానీ దానికంటే ముందు గంటలు ఉన్నాయి చూడండి, వాటిని వదలకండి. మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గాక ఇళ్ల వరండాల్లో రంగులు వేయడం మొదలవుతుంది. ఒంటికి పసుపు రంగు పట్టించి, అది ఆరాక నల్ల చారలు గీస్తారు. ఆరేదాకా వేషగాడు చేతులు చాపి నిలబడే ఉండాలి. గోడకి ఆనుకోకూడదు, కూర్చోకూడదు, దోమ కుట్టినా గోక్కోకూడదు. పక్కన చిన్నపిల్లలు తమ వంతు కోసం చూస్తుంటారు. వాళ్ల అమ్మ స్టీలు గ్లాసు నోటికందించి నీళ్లు తాగిస్తుంది. ఈ వరండాల్లో వెలుతురు ఒక్క వైపు నుంచే, మెత్తగా పడుతుంది. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్‌కైనా, ఫోన్‌కైనా అంత మంచి వెలుతురు బజారులో దొరకదు. పైగా అక్కడ ఎవరికీ తొందర ఉండదు, మీతో మాట్లాడతారు కూడా. ఏ మొక్కుకి వేషం కట్టారో వింటూ ఉంటే ఎప్పుడు నొక్కాలో మీకే తెలుస్తుంది.

ఏప్రిల్లో ఆరు దాటగానే పొద్దు గుంకుతుంది. తర్వాత ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు ఆకాశంలో నీలం మిగిలి ఉంటుంది, వీధి దీపాలూ వెలిగి ఉంటాయి. ఆ కాసేపట్లో తీసిన ఫొటోలో రథం బొమ్మలూ కనిపిస్తాయి, వెనక మేడలూ కనిపిస్తాయి, జనం ముఖాలూ కనిపిస్తాయి. పూర్తిగా చీకటి పడ్డాక తీస్తే లైట్లు తెల్లటి మచ్చలైపోయి మిగతాదంతా నల్లగా వస్తుంది. అందుకే ఆ వేళకి ఎక్కడ నిలబడాలో ముందు రోజే చూసి పెట్టుకోండి.

రాత్రి తీసిన ఫొటోల్లో అడ్డంగా చారలు వచ్చాయని రాశారు. కెమెరా చెడిపోలేదు, కంగారు పడకండి. మన కరెంటు సెకనుకి 50 సార్లు తిరుగుతుంది కాబట్టి దాని మీద నడిచే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు కానీ సెన్సర్‌కి తెలుస్తుంది. ఎల్ఈడీ సీరియల్ లైట్ల కింద షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 1/100 వంతు గానీ 1/50 వంతు గానీ పెట్టండి. కెమెరాలో సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే తీసేసి మెకానికల్ షట్టర్ పెట్టండి. చాలావరకు చారలు పోతాయి. 1/100లో గెంతే పులి కాస్త చెదిరినట్టు వస్తుంది, రానివ్వండి. ఇంకాస్త ముందుకెళ్లి 1/30 పెట్టి, వేషగాడు ఎటు తిరిగితే అటు కెమెరాను తిప్పుతూ తీసి చూడండి. పది తీస్తే తొమ్మిది పనికిరావు. నిలిచిన ఒక్కదాంట్లో మాత్రం ముఖం స్పష్టంగా ఉండి, చారలూ జనమూ గీతల్లా సాగిపోతాయి. డప్పు ఎంత జోరుగా మోగుతోందో ఫొటో చూస్తేనే తెలుస్తుంది. కదలికంతా ఆపేసి 1/1000లో తీస్తే పులి వేషం బొమ్మలా నిలబడిపోతుంది.

ఫోన్‌తో తీసేవాళ్లకి ఒక్క మాట. ఆట తీసేటప్పుడు నైట్ మోడ్ ఆపేయండి. అది నాలుగైదు ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది, కదిలే మనిషి ముద్దయిపోతాడు. లైట్ ఉన్నచోట స్క్రీన్ మీద ముఖాన్ని నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. తర్వాత వేలితో కిందికి లాగి కొంచెం చీకటి చేయండి. కుంకుమ, నూనె, చెమట చేతులతో ఫోన్ పట్టుకుంటాం కాబట్టి లెన్స్ తుడవడం మరిచిపోకండి. జాతర ఫొటోలు మసకగా రావడానికి సగం కారణం ఆ జిడ్డే.

ఘటాల దగ్గర ఫ్లాష్ వాడకండి. ఇది టెక్నిక్ కోసం చెప్పే మాట కాదు. తల మీద ఘటం మోస్తూ, ఉపవాసంతో, చాలాసార్లు చెప్పుల్లేకుండా నడిచే మనిషి కళ్లలోకి ఒక్కసారిగా వెలుగు కొడితే అడుగు తడబడుతుంది. ఎదురుగా వెనక్కి నడుస్తూ తీయడం కూడా వద్దు, దారికి అడ్డం. నేనైతే ఘటం రాకముందే ఒక వాకిలి ఎంచుకుని అక్కడ ఉంటాను. వాకిలి కడిగి, ముగ్గేసి, పళ్లెంలో పసుపు కుంకుమలు పెట్టుకుని ఎదురు చూసే ఇంటివాళ్లను చూడండి. డప్పు దూరంగా వినిపించగానే వాళ్ల ముఖాలు మారతాయి. నా దగ్గరున్న జాతర ఫొటోల్లో నాకు బాగా ఇష్టమైనదాంట్లో ఘటమే లేదు. ఒక ముసలావిడ మనవరాలి భుజం పట్టుకుని మలుపు వైపు చూస్తుంటుంది, అంతే. బరంపురంవాళ్లు ఎవరికి చూపించినా, ఘటం వస్తోందా అని అడుగుతారు.

ఇంట్లోవాళ్ల సంగతి

నెల రోజుల జాతర కాబట్టి దీనికి దారి తేలిక. రోజులు పంచుకోండి. ఇంట్లోవాళ్లతో వెళ్లే సాయంత్రం కెమెరా బ్యాగు కదిలించకండి. పిల్లల్ని భుజాన ఎక్కించుకోండి, రథం బొమ్మల కథలు చెప్పండి, వాళ్లు అడిగినవి కొనిపెట్టండి. ఆ రోజు చూసింది వృథా పోదు. ఏ కూడలిలో రథం బాగుంది, ఏ వీధిలో జనం ఎంత, ఏ మేడ మీద నుంచి చూస్తే బాగుంటుంది అన్నీ మనసులో పడతాయి. ఫొటోల రోజు మీరొక్కరే వెళ్లండి. ఆ రోజు ఎవరినీ నిలబెట్టి ఉంచిన బాధ ఉండదు కాబట్టి ఒకే చోట గంటసేపైనా ఉండగలరు. చివరి వారం రద్దీ విపరీతంగా ఉంటుంది. పిల్లల్ని ముందు వారాల్లోనే తీసుకెళ్లడం మంచిది. తీసుకెళ్లినా జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. జనం ఎక్కువైతే ఫోన్లు కలవవు, కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

దండ నాట, నా ఉద్దేశంలో మన జిల్లాలో తీయదగ్గవాటిలో మొదటిది

ఠాకురాణి జాతర లేని ఏడాది కూడా ఇది ఉంటుంది. మేష సంక్రాంతితో ముగిసే వ్రతం ఇది. ఇక్కడ పణా సంక్రాంతి అంటాం కదా, ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది, ఇంటింటా మారేడు పండు పానకం చేసే రోజు. దానికి ముందు 13 రోజులు, కొన్నిచోట్ల 21 రోజుల దాకా భక్తులు ఇల్లు వదిలి, ఒంటిపూట తింటూ, జట్టుగా ఊరూరూ తిరుగుతారు. మొక్కుకున్నవాళ్లు తమ ఇంటికి పిలుచుకుంటారు. మిట్టమధ్యాహ్నం ధూళి దండ. మండే నేల మీద, దుమ్ములో పడుకుని దొర్లుతూ దున్నడం నుంచి కోత దాకా వ్యవసాయ పనులు అభినయిస్తారు. తర్వాత చెరువు నీళ్లలో చేసే పాణి దండ. రాత్రి ఆటపాటలు, కాగడా మంట మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున లేచే వెలుగు.

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఫొటోలు తీయకూడదని పుస్తకాల్లో రాస్తారు. ధూళి దండ జరిగేది అప్పుడే మరి. ఆ ఎండే ఇక్కడ విషయం. నీడలు నల్లగా, గట్టిగా పడతాయి, దాన్ని దాచాలని చూడకండి. నేల మీద పడుకున్న మనిషి పక్కన మీరూ మోకాళ్ల మీద కూర్చోండి. దుమ్ము లేచినప్పుడు సూర్యుడు దుమ్ముకి అవతల ఉండేలా చూసుకుంటే రేణువులన్నీ వెలుగుతాయి. ఆ దుమ్ములో లెన్స్ మార్చకండి. సెన్సర్ మీద పడిన మట్టి తర్వాత ప్రతి ఫొటోలోనూ మచ్చగా కనిపిస్తుంది. మొదట్లో ఏ లెన్స్ పెట్టుకుంటే చివరిదాకా అదే. ఫోన్ అయితే ఎండకి వేడెక్కి ఆగిపోతుంది. తడి గుడ్డలో చుట్టొద్దు, నీడలో జేబులో పెట్టుకుని తీసేటప్పుడే బయటికి తీయండి. మీరూ నెత్తికి తువ్వాలు చుట్టుకుని నీళ్లు పట్టుకెళ్లండి.

రాత్రి గుగ్గిలం మంట ఒక్క క్షణమే. ఆటో మీద పెడితే కెమెరా ముందున్న చీకటిని బట్టి లెక్క వేసుకుంటుంది, మంట లేచేసరికి మొత్తం తెల్లబడిపోతుంది. మాన్యువల్ పెట్టుకోండి. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 1600, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎంత తెరుచుకుంటే అంత, షట్టర్ 1/250 దగ్గర మొదలుపెట్టి ఒకటి రెండు మంటలకి సరిచూసుకోండి. ముఖాల మీద ఆ వెలుగు పడిన క్షణం కోసం చూడండి. మంటను కాదు, మంట వెలుగులో మనుషుల్ని తీయాలి.

ఇక్కడ మర్యాద చాలా ముఖ్యం. ఇది వ్రతం. జట్టు పెద్దను ముందు కలవాలి, దణ్ణం పెట్టి అడగాలి. ఆయన వద్దన్నచోట వద్దు. భోజనం దగ్గరికి, పూజ దగ్గరికి కెమెరా తీసుకెళ్లకండి. నేను ఒక జట్టుతో చాలా ఏళ్లుగా ఉన్నాను. మొదటి ఏడాది నన్ను దూరంగానే నిలబెట్టారు. సంక్రాంతి అయ్యాక ప్రింట్లు వేయించి వాళ్ల ఊరికి వెళ్లి తలా ఒకటి ఇచ్చాను. మరుసటి ఏడాది కబురు వాళ్లే పంపారు, ఫలానా రోజు ఫలానా ఇంట్లో ధూళి దండ ఉంది రమ్మని. వేళ, చోటు ఎక్కడా అచ్చు వేయరు కాబట్టి ఆ కబురే మీకు కావాల్సింది.

తారాతారిణి, చైత్ర మంగళవారాలు

పురుషోత్తంపురం దగ్గర రుషికుల్యా ఒడ్డున కొండ. 999 మెట్లు, ఇప్పుడు రోప్‌వే కూడా ఉంది. ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది తేదీ తప్పుతారు. మన చైత్రం ఉగాదితో మొదలవుతుంది. అక్కడి చైత్ర మంగళవారాలు మీన మాసం లెక్కన, అంటే మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వస్తాయి. ఉగాది కోసం ఆగితే ఒకటి రెండు వారాలు పోతాయి.

పిల్లల పుట్టువెంట్రుకలు ఇక్కడ తీయిస్తారు. ఏడ్చే పసివాడు, ఊరడించే తాత, మంగలి చేతులు, తడిసిన గుండు మీద పసుపు, ఇవన్నీ కళ్లకి కట్టినట్టు ఉంటాయి. కానీ పిల్లల ఫొటో తల్లిదండ్రుల్ని అడగందే తీయకండి. నదిలో స్నానాలు చేసే ఆడవాళ్ల వైపు కెమెరా తిప్పనే తిప్పకండి, దూరం నుంచి కూడా. కొండ మీద నుంచి రుషికుల్య వంపు, కింద ఇసుకలో జనం, తెల్లారుజామున బాగుంటాయి. గుడి లోపల ఏం అనుమతిస్తారో అక్కడి సేవకుల్ని అడగండి. నా పద్ధతి అయితే గర్భగుడి ఏ గుడిలోనైనా చేతులు జోడించడానికే. ఇంట్లోవాళ్లని తీసుకెళ్లాలంటే పెద్ద రద్దీ మంగళవారం కాకుండా మొదటి మంగళవారం తెల్లవారుజామున బయల్దేరండి.

కార్తీకం

రెండు వైపుల సంప్రదాయాలూ పక్కపక్కనే కనిపించే నెల ఇది, నాకు ఎంతో ఇష్టం. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియా ఇళ్లవాళ్లు బోయిత బందాణ చేస్తారు. పూర్వం ఓడల్లో వ్యాపారానికి వెళ్లిన సాధవుల పేరిట, అరటి బోదెతోనో కాగితంతోనో చేసిన చిన్న పడవల్లో దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. గోపాలపురం తీరానికీ వెళ్లొచ్చు, మీ వీధి చెరువుకీ వెళ్లొచ్చు. సరిగ్గా పక్షం తిరిగేసరికి అమావాస్య మర్నాడు మన ఇళ్లలో పోలి పాడ్యమి. మళ్లీ అరటి దొప్పలు, మళ్లీ దీపాలు, చాలాసార్లు అదే చెరువు. రెండు రోజులూ ఒకే రేవులో, ఒకే మెట్టు మీద నిలబడి తీయండి. ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే మన ఊరు గురించి ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

తీయడం కష్టం కాదు. నవంబరులో ఆరింటి ప్రాంతంలో సూర్యుడు వస్తాడు. అరగంట ముందు రేవులో ఉండండి. మరీ చీకట్లో దీపం తప్ప ఏమీ రాదు, పొద్దెక్కాక దీపం వెలుగే తెలియదు. మధ్యలో ఒక పది పదిహేను నిమిషాలు నీళ్ల మీది ఆకాశం వెలుగు, దీపం వెలుగు సమానంగా ఉంటాయి. కెమెరాను నీళ్లకి దగ్గరగా, కింద పట్టుకోండి. రంగుల ఛాయ సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో వదిలేస్తే దీపం పసుపుదనాన్ని కడిగేస్తుంది, డేలైట్ మీద పెట్టండి.

రథయాత్ర గురించి పెద్దగా చెప్పను. ఆషాఢ శుద్ధ విదియ, అందరికీ తెలిసిందే. పూరీ వెళ్లి జనంలో నలిగే బదులు పర్లాకిమిడిలోనో మన ఊళ్లోనో చూడండి. తాడు పట్టుకుని లాగొచ్చు కూడా. వాన ఖాయం కాబట్టి కెమెరాకి ప్లాస్టిక్ సంచి, ఒక పొడి గుడ్డ. వాన మొదలయ్యాక ఇంటికి రావద్దు, గొడుగుల కింద జనం ముఖాలు అప్పుడే బాగుంటాయి. అంతే.

ప్రహ్లాద నాటకం దొరికితే వదలకండి. గంజాం పల్లెల్లో రాత్రంతా ఆడే ప్రదర్శన ఇది. దీని పుట్టుకను జలంత్ర రాజుల ఆస్థానంతో ముడిపెడతారు, ఆ జలంత్ర ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, పైన హిరణ్యకశిపుడి సింహాసనం, పక్కన గాయకులు, వాద్యాలు. రాజు గంతులేస్తూ ఆ మెట్లు దిగుతుంటే చూడాలి. ఎదురుగా కూర్చుంటే అన్ని ఫొటోలూ ఒకేలా వస్తాయి. పక్కకి వెళ్లి మెట్లు వాలుగా కనిపించేలా చూసుకుంటే కింద ప్రహ్లాదుడు, పైన రాజు, ఇద్దరి మధ్య ఎంత దూరమో ఒక్క ఫొటోలోనే వస్తుంది. చివర్లో నరసింహ ముఖం ధరించిన నటుడికి పూనకం వస్తుంది, అతణ్ణి పట్టుకోవడానికి మనుషులు ఉంటారు. ఆ ముఖానికి పూజ జరుగుతుంది, అది వాళ్లకి దేవుడే. అప్పుడు వేదిక దగ్గరికి పోకండి. తెల్లవారే దాకా కూర్చోండి. నిద్రపోయి లేచి మళ్లీ చూసే పిల్లలు, దుప్పటి కప్పుకున్న ముసలివాళ్లు, ప్రేక్షకుల వైపే సగం ఫొటోలు ఉన్నాయి.

కోరాపుట్, రాయగడ వైపు సంతలకి వెళ్దామని ఉందన్నారు. బొండా, డొంగ్రియా కొంధ్ లాంటి తెగల మనుషుల్ని వాళ్ల ఊళ్లలో, సంతల్లో ఫొటో తీసే పని పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. ప్రభుత్వ ఆంక్షలు ఉన్నాయి. అవి లేకపోయినా, ఉప్పో కూరగాయలో కొనుక్కోవడానికి వచ్చిన మనిషి మీద కెమెరా గురిపెట్టడం న్యాయం కాదు. కోరాపుట్‌లో నవంబరులో పరబ్ ఉత్సవం జరుగుతుంది. ధింసా లాంటి నాట్యాలతో కళాకారులు తమంతట తాము వేదికెక్కుతారు. అక్కడ చూడండి, తీయండి, వాళ్లతో కూర్చుని మాట్లాడండి.

అడగడం, ఇవ్వడం, పెట్టడం

ప్రతి ఫొటోకీ అనుమతి అడగలేం, జాతరలో అది కుదరదు. నేను పాటించేది ఇదీ. గుంపు అయితే అడగను. ఒక్క మనిషి ముఖం అయితే కళ్లు కలిపి, కెమెరా చూపించి, తల ఊపితే తీస్తాను. ఇల్లు, వరండా, పిల్లలు, ఏడుస్తున్నవాళ్లు, పూనకంలో ఉన్నవాళ్లు అయితే నోటితో అడుగుతాను, పూనకం అయితే పక్కనున్న వాళ్ల మనుషుల్ని. తెలుగులోనో ఒడియాలోనో అడగండి, ఏ భాష ఇల్లో వాకిలి చూస్తేనే మనకి తెలిసిపోతుంది కదా. వద్దంటే నవ్వి పక్కకి వెళ్లండి. అదే వీధికి రేపు మళ్లీ రావాలి.

ప్రింట్లు ఇవ్వండి. వాట్సాప్‌లో పంపిస్తే సరిపోదా అంటారు. పంపండి, కానీ చేతికి అందిన కాగితం గోడ మీదికి వెళుతుంది. చిన్న ప్రింటు ఖరీదు ఎంతో కాదు. మా స్టూడియోకి కొందరు జాతర వేషంలో ఉన్న తమ తండ్రి ఫొటో ఉందా అని వెతుక్కుంటూ వస్తారు, ఆయన పోయాక. ఉంటే వేసి ఇస్తాను. అందుకే ఫోల్డర్లకి ఏడాది, పండుగ, వీధి పేరు రాసి పెట్టుకుంటాను, రెండు డిస్కుల్లో దాస్తాను. మీరూ మొదటి రోజు నుంచే అలా చేయండి, వేల ఫొటోలయ్యాక ఆ పని మొదలుపెట్టలేరు.

నెట్‌లో పెట్టేటప్పుడు ఊరు, పండుగ, ఏడాది రాయండి. పిల్లల ముఖాలు తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే. బలులు, ఒంటి మీద గాయాలు లాంటివి లైకుల కోసం పెట్టకండి. పండుగలో ఉన్నవాళ్లకి దాని అర్థం వేరు, ఎక్కడో కూర్చుని స్క్రోల్ చేసేవాళ్లకి కనిపించేది వేరు.

ఇక జూమ్ లెన్స్. 70-300 ఎంఎం జూమ్ కొంటే రోడ్డుకి అవతల నుంచి ముఖాలు తీయొచ్చు, నిజమే. కానీ ఆ లెన్సులు ఎక్కువ భాగం చీకట్లో పనికిరావు, జూమ్ చేసినకొద్దీ ఎపర్చర్ ఎఫ్ 5.6 దాకా మూసుకుపోతుంది. మన పండుగలు సగం రాత్రివే. రెండోది, దూరం నుంచి తీసే అలవాటు పడితే ఎవరితోనూ మాట్లాడే అవసరమే రాదు, మీ ఫొటోలకి కావలసింది ఆ మాటలే. మీది క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా అన్నారు కాబట్టి జూమ్ లేని, ఎపర్చర్ ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే 35 ఎంఎం ప్రైమ్ లెన్స్ ఒకటి చూడండి. సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు, కొనేముందు లెన్స్‌ని లైటుకి ఎదురుగా పట్టుకుని లోపల సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూసుకోండి, మన తీరప్రాంతపు తేమలో అది మామూలే. కొన్నాక వానాకాలం అంతా సిలికా జెల్ పొట్లాలు వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టుకోండి. ముందు ఒక నెల మీ కిట్ లెన్స్‌నే 35 దగ్గర ఉంచి, తిప్పకుండా తీసి చూడండి. ఆ దూరం మీకు సరిపడితే అప్పుడు కొనండి.